ఎర్ర బెంచీ

“రెండు వందల అరవై నాలుగు,” అని నర్సు నవత పైకి చదివింది.

హాల్లో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. అంకెను అందరికీ వినబడేలా చదవాలన్నది డాక్టరు రామ్మోహనరావు పెట్టిన నియమం. రజిత వేలి కొసకు దూది నొక్కిపట్టి లేచింది. ఎవరూ చెప్పకుండానే ఎర్ర బెంచీ దగ్గరికి నడిచి, చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని కూర్చుంది.

ఆ బెంచీ గోడవారన ఉండదు. హాలు మధ్యలో, అందరికీ ఎదురుగా ఉంటుంది. షుగరు అదుపు తప్పినవాళ్ళు డాక్టరు వచ్చి మాట్లాడేదాకా దాని మీద కూర్చోవాలి. మిగిలినవాళ్ళకు కిటికీల పక్కన ఆకుపచ్చ కుర్చీలు వేసి ఉంటాయి. చిలకలగూడ సందులో ఒక ట్రస్టు నడిపే ఈ ఉచిత దవాఖానాకు ఆ బెంచీ వల్లే పేరొచ్చింది. ఏడాదిలో ఎర్ర బెంచీ ఎక్కేవాళ్ళు సగానికి సగం తగ్గారని డాక్టరు గారు ఎక్కడికి వెళ్ళినా చెబుతారు.

మందుల అల్మరా పక్కన స్టూలు మీద కూర్చున్న జెరూషా ఇదంతా చూస్తోంది. ఆమెది మారేడ్‌పల్లి. డెన్మార్క్‌లో ఒక యూనివర్సిటీలో ఎమ్మే చదువుతోంది. మామూలు మనుషుల రోజువారీ బతుక్కీ ఆరోగ్యానికీ ఉన్న ముడిని చూసే చదువు అది. చర్చిలో ఎవరైనా అడిగితే ఇలాగే చెబుతుంది. “మనవాళ్ళు అన్నం ఎట్లా తింటారో తెలుసుకోవడానికి అంత దూరం పోవాలా?” అని వాళ్ళు నవ్వుతారు. పరిశోధన కోసం ఆమె మళ్ళీ ఇక్కడికే వచ్చింది కాబట్టి ఆ నవ్వుకు బదులు చెప్పడం ఇంకా కష్టమైంది.

రామ్మోహనరావు లోపలి గదిలోంచి వచ్చాడు. ప్రభుత్వాసుపత్రిలో రిటైరైనా పొద్దున్నే దవాఖానా తాళం ఆయనే తీస్తాడు. కుళాయి కారితే వాషరు కూడా ఆయనే మారుస్తాడు.

“ఏమ్మా రజితా, మళ్ళీ ఇక్కడికే వచ్చావా? పోయిన నెల చక్కగా ఉన్నావు. ఏం తిన్నావు?”

“పెండ్లి చీరలు ఒప్పుకున్న సార్. టైముకు తినుడు కాలే...”

“చీరల సంగతి అడగలేదు. తిండి సంగతి అడిగాను.” కుర్చీల్లో ఎవరో నవ్వారు. డాక్టరు అటు తిరిగాడు. “నవ్వులాట కాదు. రేపు ఈమె కళ్ళు పోతే ఆ చీరలు ఎవరు కుడతారు? చూసి నేర్చుకోండి.”

రజిత తన బొటనవేలి మీది సూది గాట్లను చూసుకుంటూ ఉండిపోయింది.

“మందు పెంచుతున్నాను. శుక్రవారం మళ్ళీ రా. ఈసారి ఆకుపచ్చ కుర్చీలో కనబడాలి నాకు.”

జనం పలచబడ్డాక ఆయన జెరూషా దగ్గరికి వచ్చాడు. “శనివారం మా ట్రస్టు పెద్దలు వస్తున్నారు. మిగతా దవాఖానాల్లో కూడా ఎర్ర బెంచీలు పెడదామని ఆలోచన. నువ్వు చూసింది కాసేపు చెప్పమ్మా. విదేశాల్లో చదివే పిల్ల చెబితే మాటకు బరువుంటుంది. మీ అమ్మగారిని కూడా పిలిచాను.”

జెరూషా తలూపింది. ఆమె సీటుకు సిఫారసు చేసింది ఈయనే. దవాఖానాలో కూర్చోవడానికి ఒప్పుకున్నదీ ఈయనే.

మర్నాడు జెరూషా అడ్డగుట్టలోని రజిత ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో పికో మిషను, దాని పక్కన తాడు మీద ఆరేసిన ఫాల్ గుడ్డలు. నీళ్ళలో తడిపి ఆరబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే ఫాల్ ముడుచుకుపోయి చీర అంచును లాగేస్తుందట. రజిత నేల మీద చాప పరిచి, మెరూన్ పట్టుచీర అంచును మోకాలి మీదికి లాక్కుంది. ఫాల్ పెట్టి, అరచేత్తో సాపు చేసి, ఒక్కొక్క పోగునే పట్టుకుంటూ సన్నగా కుట్టసాగింది. చీర మంచివైపు తిప్పి చూపించింది. ఎక్కడా కుట్టు కనబడలేదు.

“మధ్యాహ్నం ఏం తిన్నవక్కా?” అని అడిగింది జెరూషా.

“ఇంకా తినలే. గిది ఇచ్చినంక తింట.” దారం కొరికి తెంపింది. “రేపు మాత్రం ఏం తిన.”

“ఎందుకు?”

“శుక్రారం సూది పరీక్ష ఉన్నది గదా చెల్లె. రేపు పొద్దుటి సంది కడుపు కట్టేసుకుంటే నంబరు దిగుతది. పోయిన నెల సుత గట్లనే చేసిన. పచ్చ కుర్చీ వచ్చింది. నిన్నటి సూదికి పెండ్లి చీరల పనిల పడి మర్చిన.”

జెరూషా చేతిలో పెన్ను ఆగిపోయింది. “మరి గోలీ?”

“గోలీ మాత్రం ఇడువ. సార్ చెప్పినట్టే ఏస్త. ఇప్పుడు పెంచిండు గదా, ఇంకా మంచిగ దిగుతది.”

“ఖాళీ కడుపు మీద ఆ గోలీ ప్రమాదం అక్కా. కళ్ళు తిరిగి పడిపోతవ్.”

“మరి ఆ బెంచీ మీద కూసునుడు ప్రమాదం కాదా?” రజిత సూదిలోకి దారం ఎక్కిస్తూనే అంది. “నిన్న మా గిరాకి ఆమె ఆడ్నే ఉండె. పచ్చ కుర్చీల. సార్ నా కండ్లు పోతయ్ అన్నడు గదా, ఆమె వచ్చి ఏమన్నదో ఎర్కనా? ‘రజితా, పట్టుచీరలు వేరేటోళ్ళకు ఇస్తలే, నీకు కాటన్‌వి ఇస్త’ అన్నది. నా కండ్లకేమైంది చెల్లె? గీ కుట్టు నీకు కనబడుతుందా?”

జెరూషా వంగి అంచు వెంట చూసింది.

“నేనొక్కదాన్నే గాదు. భద్రయ్య తాత సుత సూది ముందట తినడు. సగం మంది గంతే. గిది ఎవ్వరికి చెప్పకు. సార్‌కు తెలిస్తే గోలీలు సుత బందు పెడ్తడు.”

“చెప్పను. కానీ రేపు తినక్కా. నంబరు ఎంతొస్తే అంత రానీ.”

రజిత నవ్వింది. “మీ అమ్మకు సుత షుగరే అన్నవ్ గదా. ఆమె ఎన్నడన్న కూసున్నదా ఎర్ర బెంచీ మీద?”

జెరూషా తల్లి డోరా మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఆమె రక్తం తీసుకోవడానికి మనిషి ఇంటికే వస్తాడు. రామ్మోహనరావు గారే పంపిస్తారు. జెరూషా పెన్నుకు మూత పెట్టింది. రజిత జవాబు కోసం చూడలేదు. చీరను మడత తిప్పి రెండో కొస అందుకుంది.

సాయంత్రం జెరూషా డెన్మార్క్‌లోని తన గైడుతో వీడియోలో మాట్లాడింది. నెరిసిన జుట్టు చెవుల దాకా కత్తిరించుకున్న ఆ పెద్దావిడ అంతా విని, ముందు ఒకటే అడిగింది. ఆ మనిషి ఇవాళ తిన్నదా లేదా? “ఇచ్చిన మాట పెద్దదే. ప్రాణం దానికంటే పెద్దది. ముందు ఆమెతోనే మాట్లాడు. వినకపోతే ఏం చేస్తావో కూడా ఆమెకే చెప్పు,” అంది.

డోరా బల్ల మీద కందిపప్పులో రాళ్ళు ఏరుతూ వింటోంది. ఫోను పెట్టేశాక అంది, “శనివారం డాక్టరుగారి ముందు ఇవన్నీ మాట్లాడతావా ఏంటి?”

“నిజమైతే మాట్లాడాలి కదా మమ్మీ.”

“నిజం చెప్పడానికి ఒక పద్ధతుంటుంది జెరూ. మీ డాడీ పోయినప్పుడు ఆ మనిషి మన ఇంట్లో ఎన్ని రాత్రులు కూర్చున్నాడో నీకు గుర్తుండకపోవచ్చు. ఆయన సిఫారసు లేకపోతే ఆ సీటు నీకు వచ్చేదా? నలుగురిలో ఆయన్ని తలవంచుకునేలా చేస్తావా?”

“రజితక్కని నలుగురిలో తలవంచుకునేలా చేస్తున్నాడు కదా.”

“అది ఆమె మంచికి.” డోరా పళ్ళెం పక్కకు జరిపింది. “బడిలో నేనూ పిల్లల్ని బెంచీ ఎక్కించాను. వాళ్ళంతా బాగుపడలేదా?”

“ఎక్కించినవాళ్ళలో ఎవరన్నా బడి మానేశారా మమ్మీ?”

డోరా పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఏరిన పప్పునే మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

గురువారం జెరూషా మళ్ళీ అడ్డగుట్ట వెళ్ళింది. రజిత ఇంటికి తాళం ఉంది. ఫోను చేస్తే, తను బేగంపేటలో చీరలు ఇచ్చి వస్తున్నానని, మెట్రోలో ఉన్నానని చెప్పింది. జెరూషా అడగకముందే, “తిన్నలే చెల్లె, పరేషాన్ కాకు,” అని నవ్వింది. ఆ నవ్వు జెరూషాకు నమ్మబుద్ధి కాలేదు. “అక్కా, రేపు నీకేమన్నా అయితే నేను చెప్పేస్త. ముందే అంటున్న,” అంది. అవతల మెట్రో చప్పుడులో రజిత ఏమందో వినబడలేదు.

శుక్రవారం నవత చదివిన అంకె డెబ్భై ఆరు. హాల్లో చప్పట్లు మోగాయి. ఆకుపచ్చ కుర్చీ వైపు వెళ్తూ రజిత జెరూషాకేసి చూసి కనుబొమలు ఎగరేసింది. కూర్చున్న కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఫ్యాను కిందే ఉన్నా మెడ మీద చెమట ధారగా కారుతోంది. పక్కనున్న భద్రయ్య “ఏమైంది బిడ్డా?” అనే లోపే ఆమె కుర్చీలోంచి నేల మీదికి జారిపోయింది.

జెరూషా స్టూలు తన్నేసి పరుగెత్తింది. “ఆమె తినలేదు! నిన్నటి నుంచి ఏమీ తినలేదు, గోలీ మాత్రం వేసుకుంది. గ్లూకోజు ఇవ్వండి!”

రామ్మోహనరావు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె నాడి పట్టుకున్నాడు. నవత అందించిన సూదిమందు తనే నరంలోకి ఎక్కించాడు. రజిత కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసేదాకా ఆమె నాడి వదల్లేదు.

తరువాత జెరూషాను లోపలి గదిలోకి పిలిచాడు.

“ఆమె తినలేదని నీకు ముందే తెలుసా?”

“తినొద్దనుకుంటోందని తెలుసు. వద్దని చెప్పాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను సార్. అది నా తప్పే. కానీ ఆమె ఎందుకు తినలేదో మీరు అడగలేదు.”

“తెలివితక్కువతనం. అంతకంటే ఏముంది?”

“బెంచీ సార్. బెంచీ భయం. ఆమె ఒక్కతే కాదు.”

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “భయం లేకపోతే భక్తి లేదమ్మా. నలభై ఏళ్ళు నేను షుగరుతో కాళ్ళు తీసేయించుకున్నవాళ్ళ వార్డుల్లో తిరిగాను. మెత్తగా చెబితే ఎవరూ వినలేదు. ఒకరిద్దరు తెలివితక్కువ పని చేశారని మంచి పద్ధతి మానుకుంటామా? రేపు ఈ సంగతి ఎత్తవద్దు. నువ్వు చూడటానికి వచ్చావు. చూడు.”

బయట రజిత గోడకు ఆనుకుని గ్లూకోజు నీళ్ళు తాగుతోంది. జెరూషా పక్కన కూర్చుంటే మొహం తిప్పేసుకుంది.

“చెప్పేసినవ్.”

“చెప్పిన అక్కా. చెప్పకపోతే...”

“తెల్సు. చచ్చేదాన్ని.” గ్లాసు కింద పెట్టింది. “సార్ ఏమన్నడు?”

“తెలివితక్కువతనం అన్నడు. రేపు పెద్దోళ్ళ ముందట ఈ మాట తీయొద్దు అన్నడు.”

రజిత ఇటు తిరిగింది. “తెలివి తక్కువదా నాకు? సగం చెప్పినవ్ గద. ఇగ సగంల ఎందుకు ఆపుతవ్, మొత్తం చెప్పు. నా పేరు సుత చెప్పు.”

“పేర్లు చెప్పం అక్కా. మా చదువులో అది రూల్. మీకు తక్లీఫ్ కావొద్దని.”

“నా నంబరు గా నవత మైకు పెట్టినట్టు చదువుతది. నా కండ్లు పోతయ్ అని సార్ అందరి ముందట అంటడు. తిట్టేటప్పుడు ఉన్న పేరు గిప్పుడు యాడికి పోతది? చెప్పు, రజిత అని చెప్పు.”

శనివారం ట్రస్టు పెద్దలు నలుగురు వచ్చారు. హాలుకు కొత్త తెరలు కట్టారు. ఎర్ర బెంచీకి కొత్తగా రంగు వేసినట్టున్నారు, మెరుస్తోంది. ముందు వరసలో డోరా తెల్ల చీరలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కూతురితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

పెద్దలు రాకముందే పరీక్షలు మొదలయ్యాయి. రజితను ఇవాళ రమ్మని ఎవరూ చెప్పలేదు. తనంతట తనే వచ్చి నవత ముందు చేయి చాపింది. అంకె మళ్ళీ రెండు వందల యాభై దాటింది. ఆమె వెళ్ళి ఎర్ర బెంచీ మధ్యలో కూర్చుంది. ఈసారి కొంగు చుట్టుకోలేదు. ఎదురుగా ఉన్న కుర్చీల వైపే చూస్తూ కూర్చుంది.

డాక్టరు పరిచయం చేశాక జెరూషా లేచింది. ఇంగ్లీషులో రాసుకొచ్చిన కాగితాలు బల్ల మీదే వదిలేసి తెలుగులో మొదలుపెట్టింది.

“ఎర్ర బెంచీ వచ్చాక ఇక్కడ నంబర్లు తగ్గాయి. అది నిజం. ఎలా తగ్గాయో చూడటానికి నేను ఇళ్ళకు వెళ్ళాను. సూది రోజుకు ముందు చాలామంది పస్తుంటున్నారు. ఆ ఒక్క పొద్దుటికి నంబరు దిగుతుంది. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. పస్తుండి మందు వేసుకుని నిన్న ఈ హాల్లోనే ఒకామె పడిపోయింది. డాక్టరుగారు పక్కన లేకపోతే ఏమయ్యేదో తెలియదు. ఆమె...”

“నేనే,” అంది రజిత బెంచీ మీంచి. “రజిత. అడ్డగుట్ట. ఫాల్, పికో కుడత.”

పెద్దల్లో ఒకాయన ఏదో అడగబోయి డాక్టరు వైపు చూశాడు. రామ్మోహనరావు ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. “చిన్నపిల్ల, ఆవేశపడుతోంది. కూర్చో అమ్మా.” కిటికీల వైపు తిరిగాడు. “మీరే చెప్పండి, ఎవరన్నా పస్తుంటున్నారా?”

ఎవరూ కదల్లేదు. జెరూషా వరసగా ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. వీళ్ళంతా మందుల కోసం వచ్చేవాళ్ళు. వీళ్ళనెలా తప్పు పడుతుంది? భద్రయ్య తన చేతికర్రను చూసుకుంటున్నాడు.

“చూశారా,” అన్నాడు డాక్టరు. “సరే, మన పద్ధతి ఎలా ఉంటుందో చూద్దాం. టీచర్ గారూ, మీతోనే మొదలుపెడదాం. మా పాత పేషెంటు, క్రమశిక్షణ అంటే ఈవిడదే.”

డోరా లేచి నవత ఎదుట కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని వేలు చాపింది. నవత బొట్టు తీసింది. మిషను వైపు చూసి నోరు తెరిచి, మూసేసింది. డాక్టరు దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

“ఆఁ... టీచర్ గారూ, మీరొకసారి లోపలికి రండి. ఇవాళ హడావుడిలో కొంచెం తేడా వచ్చి ఉంటుంది.”

“ఎంతొచ్చింది నవతా?” అని డోరా అడిగింది.

నవత డాక్టరు వైపు చూసింది.

“పైకి చదవమ్మా. అందరివీ చదువుతావుగా.”

“మూడు వందల... పన్నెండు మేడం.” నవత గొంతు హాలు చివరిదాకా వెళ్ళలేదు.

“వినబడలేదు,” అంది డోరా, వెనక వరస పిల్లలతో అన్నట్టు.

నవత మళ్ళీ చదివింది.

డోరా దూది వేలికి నొక్కుకుని లేచింది. లోపలి గది వైపు చేయి చూపిస్తూ నిలబడ్డ డాక్టరును దాటి, ఎర్ర బెంచీ దగ్గరికి నడిచింది. రజిత గబుక్కున లేవబోయింది.

“కూర్చో అమ్మా. కొంచెం జరుగు.”

రజిత జరిగింది. డోరా పక్కన కూర్చుంది.

“టీచర్ గారూ, ఇదేంటండీ? మీరు అక్కడ కూర్చోవడం ఏమిటి? నేను సాయంత్రం ఇంటికొచ్చి చూస్తాను.”

“ఇన్నాళ్ళూ ఇంటికే పంపారు. అది మీ మంచితనం, నేను మరిచిపోను.” డోరా సంచీ ఒళ్ళో సర్దుకుంది. “కానీ డాక్టర్ గారూ, ఇక్కడ కూర్చుంటే బాగుపడతారన్నారు. నేనూ బాగుపడాలి కదా. నాకు వద్దనిపించేది వీళ్ళకెలా మంచిదవుతుంది?”

పెద్దల్లో ఒకరు దగ్గారు. కిటికీ పక్కన కుర్చీ కిర్రుమంది. భద్రయ్య కర్ర ఊతతో లేచి నిలబడ్డాడు.

“సారూ, నేను సుత తినను. సూది ముందట.” అంతే అని మళ్ళీ కూలబడ్డాడు. అతని వెనక ఎవరో “నేను సుత” అన్నారు. ఒకామె మాట్లాడకుండా చేయి మాత్రం ఎత్తింది.

జెరూషా నిలబడ్డచోటే ఉంది. తల్లి వైపు చూసింది. డోరా ఆమె వైపు చూడలేదు.

రామ్మోహనరావు నెమ్మదిగా వచ్చి బెంచీ ఎదుట ఆగాడు. రజితను అడిగాడు. ఈసారి హాలుకంతా వినిపించేలా కాదు. “పోయిన నెల కూడా పస్తు ఉన్నావా?”

“ఉన్న సార్.”

“ఆ నంబరు చూసే నీకు మందు తగ్గించాను నేను.” ఆయన కళ్ళద్దాలు తీసి, తుడవకుండా చేతిలోనే పట్టుకున్నాడు. “మొన్న పెంచాను. ఏ నంబరు చూసి ఎవరికి ఏం రాశానో...” మాట పూర్తి చేయలేదు. ట్రస్టు పెద్దాయన “మరి మిగతా సెంటర్ల సంగతి డాక్టర్ గారూ?” అంటే, వెనక్కి తిరగకుండానే “ఇప్పుడు కాదు,” అన్నాడు.

జెరూషాను దాటి వెళ్తూ ఆగాడు. “నీ పని ఇక్కడితో అయిపోయిందనుకుంటాను.”

“లేదు సార్. మంగళవారం వస్తాను. లోపలికి వద్దంటే బయట మెట్ల మీద కూర్చుంటాను.”

ఆయన తలుపు దగ్గరున్న స్టూలు ఎడమచేత్తో ఎత్తి, తీసుకెళ్ళి బెంచీ ముందు వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడాయన వీపు హాలుకూ, ముఖం ఆ ఇద్దరికీ ఉంది. వాళ్ళ మాటలు ఎవరికీ వినబడటం లేదు. జెరూషా దగ్గరికి జరిగింది.

“రాత్రి ఏం తిన్నావు?” అని అడుగుతున్నాడు రజితను.

“బువ్వ తిన్న సార్,” అంది రజిత. “టమాట పప్పు ఏసుకుని, కడుపు నిండ తిన్న.”